కనబడకపోవడం, లేకపోవడం

వెతికిన వస్తువు వెతికిన చోట కనబడనప్పుడు మనిషికి కలిగే జ్ఞానం ఎలాంటిదన్నది భారతీయ తర్కశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. "ఇక్కడ కుండ లేదు" అన్న అతి మామూలు వాక్యాన్ని పట్టుకుని నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు, వేదాంతులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. కుండ ఉంటే అది కంటికి ఆనుతుంది, మరి కుండ లేకపోవడం అనేది దేనికి ఆనుతుంది అన్నది ఆ వాదంలోని చిక్కుముడి. పుస్తకంలో చదివేవారికి ఈ చర్చ గోరంతను కొండంత చేసినట్టు తోచవచ్చు గానీ, గడచిన పాతికేళ్లలో ప్రపంచమంతటా పాకిన జియోక్యాషింగ్ అనే ఆరుబయటి వ్యాపకంలోకి కొత్తగా అడుగుపెట్టినవారికి ఇది మొదటి వారంలోనే ఏదో ఒక చెట్టు మొదట్లో, మోకాళ్లకు మట్టి అంటుకుని ఉండగా, ఎదురవుతుంది.

ఎవరో ఒకరు నీరు చొరని చిన్న పెట్టెలో సంతకాల పుస్తకం ఒకటి ఉంచి, దాన్ని ఆరుబయట ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ ప్రకటిస్తారు. ఆ అంకెలను ఫోన్‌లో గానీ చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరంలో గానీ వేసుకుని మరొకరు అక్కడికి నడిచి వెళ్లి, పెట్టెను వెతికి పట్టుకుని, పుస్తకంలో పేరూ తేదీ రాసి, ఉన్నచోటనే ఉన్నది ఉన్నట్టుగా పెట్టి వస్తారు. ఆట మొత్తం ఇంతే. ఆట పేరులోని క్యాష్ అన్న మాట దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. తెలుగు చెవికి అది నగదులా వినిపిస్తుంది కనుక ఇక్కడ పెట్టె అనడమే మేలు, ఎందుకంటే నగదు మాత్రం అందులో దాదాపు ఎప్పుడూ ఉండదు.

మన సంప్రదాయాలకు పుట్టిన తేదీలు దొరకవు గానీ ఈ వ్యాపకానికి ఒకటి ఖచ్చితంగా ఉంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. పౌరులకు అందే సంకేతంలో ఆ సైన్యం కావాలనే కొంత తప్పు కలిపి పంపేది, దానివల్ల సామాన్యుడి పరికరం చూపే చోటికీ అసలు చోటికీ నడుమ 100 మీటర్ల దాకా తేడా ఉండేది. 100 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తమంటే సుమారు 7 ఎకరాల 76 సెంట్ల నేల, అంత నేలలో ఒక డబ్బాను వెతకడం ఎవరికీ వినోదం కాదు. 2000 మే మొదట్లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ తప్పు కలపడం మానేశారు, తేడా ఒక్కసారిగా పదో వంతు స్థాయికి దిగివచ్చింది. మే 3న ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంటు ఒక బకెట్టులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, కొంత డబ్బు, ఒక వడిసెల వంటి ఆటవస్తువు, ఒక చిక్కుడుగింజల డబ్బా వేసి, దాన్ని సగం భూమిలో పాతి, ఆ చోటి అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. మూడు రోజులు తిరిగేలోగా అది రెండుసార్లు దొరికింది. దొరికినట్టు రాసిన మొదటి వ్యక్తి మైక్ టీగ్. జియోక్యాషింగ్ అన్న పేరును ఆ నెలాఖరులో మ్యాట్ స్టమ్ సూచించగా, సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ అప్పటికి తెలిసిన 75 పెట్టెలతో ఒక వెబ్‌సైట్ తెరిచారు. ఇప్పుడు 190కి పైగా దేశాల్లో ముప్పై లక్షలకు మించి పెట్టెలు ఉన్నాయి, ఒకటైతే 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా చేరింది. ఈ వ్యవహారమంతా నడిపే సంస్థ, తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సియాటిల్‌లోనే ఉంది.

మొదలుపెట్టేవారికి కావలసింది ఫోను, ఉచితంగా దొరికే ఖాతా, పెన్ను. పెన్ను చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చిన్న పెట్టెల్లో కాగితపు చుట్టకు తప్ప పెన్నుకు చోటుండదు. సంతకం లేకపోతే దొరికినట్టు లెక్క కాదు. ప్రతి పెట్టెకూ రెండు కొలతలు ఉంటాయి. వెతకడం ఎంత కష్టమో చెప్పేది ఒకటి, అక్కడికి చేరడానికి నేల ఎంత కష్టమో చెప్పేది మరొకటి, రెండూ 1 నుంచి 5 వరకు. ప్రకటించిన చోటనే నేరుగా దొరికే సంప్రదాయ రకం పెట్టెను, రెండు కొలతల్లోనూ 1 గానీ 1.5 గానీ ఉన్నదాన్ని, అరచేతికి మించిన పరిమాణం ఉన్నదాన్ని, అన్నిటికన్నా ముఖ్యంగా ఈమధ్యనే ఎవరికో దొరికినట్టు నమోదైనదాన్ని ఎంచుకోమని పాతకాపులు కొత్తవారికి చెబుతారు. ఆ చివరి షరతు ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఇక అంకెల సంగతి. జియోక్యాషింగ్‌లో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులుగా రాస్తారు. అక్షాంశంలో ఆ వెయ్యో వంతు నేల మీద సుమారు 1.85 మీటర్లు. అంకె ఇంత సన్నగా ఉన్నప్పుడు వేలు పెట్టి చూపినట్టే ఉంటుందని కొత్తవారు భావిస్తారు, ఆ భావన అక్కడికి చేరాక చెదిరిపోతుంది. దాచినవారి పరికరంలో కొన్ని మీటర్ల తప్పు, వెతికేవారి ఫోన్‌లో మరికొన్ని మీటర్ల తప్పు కలిసి, పైన చెట్ల గుబురు ఉంటే ఇంకాస్త పెరిగి, చివరికి మిగిలేది ఒక బిందువు కాదు, వృత్తం. దాని వ్యాసార్ధం 10 మీటర్లు అనుకుంటే వైశాల్యం సుమారు 375 గజాలు, అంటే విశాలమైన ఇంటి స్థలం. ఆకాశంలోని యంత్రాలు మనిషిని ఆ స్థలం ప్రహరీ దాకా తెచ్చి వదిలేస్తాయి.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన దృష్టాంతం ఒకటి ఈ సందర్భానికి అతికినట్టు సరిపోతుంది. గాంధార దేశస్థుణ్ని ఎవరో కళ్లకు గంతలు కట్టి తెచ్చి, జనసంచారం లేని చోట వదిలిపెడతారు. వాడు నాలుగు దిక్కులకూ తిరిగి కేకలు వేస్తాడు. ఒకరు వచ్చి గంతలు విప్పి, గాంధారం ఇటు ఉంది, ఇలా వెళ్లు అని చెబుతారు. వాడు ఊరి తర్వాత ఊరు అడుగుతూ ఇల్లు చేరతాడు. ఆచార్యుడున్నవాడికి తెలుస్తుందని చెప్పడానికే ఉద్దాలకుడు ఈ కథ ఎత్తుకున్నాడు, కాని కథలో ఆచార్యుడి పని ఎంత కొద్దిగా ఉందో గమనించాలి. గంతలు విప్పడం, దిక్కు చూపడం, అంతటితో ఆయన పాత్ర అయిపోతుంది. వెంట నడవడు, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దింపడు. మిగిలినదంతా అడగగల నోరు, ఆలోచించగల బుద్ధి ఉన్న ఆ మనిషి సొంత కష్టం. ఉపనిషత్తు వాడిని పండితుడు, మేధావి అని విశేషించి చెప్పడం ఊరికే కాదు.

దిక్కు చూపిన మాటను ఎందుకు నమ్మాలన్నదానికి న్యాయదర్శనంలో సమాధానం ఉంది. ఆప్తుడి ఉపదేశమే శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవాడి మాట కూడా జ్ఞానానికి సాధనమే అని గౌతముడి సూత్రం. ఆప్తుడంటే విషయాన్ని ఉన్నదున్నట్టు స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఇతరులకు తెలపాలన్న కోరికతో చెప్పేవాడని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించి, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని చేర్చాడు. ఈ చివరి మాట విలువ జియోక్యాషింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. పెట్టె దాచినవారి ముఖం వెతికేవారికి తెలియదు, భాష తెలియదు, అసలు పేరు కూడా తెలియదు, తెలిసేది పెట్టుడుపేరు మాత్రమే. అయినా ఆ మనిషి అక్కడికి వెళ్లాడు, చూశాడు, చూసినదాన్ని చెప్పాడు, చెప్పడంలో మోసగించాలన్న తలంపు లేదు అన్న నాలుగు నమ్మకాల మీద ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి వెళతారు. కులగోత్రాలు విచారించకుండా మాటను ప్రమాణంగా తీసుకునే ఇలాంటి సందర్భాలు నిత్యజీవితంలో చాలానే ఉన్నా, ఇంత నగ్నంగా ఉండేవి తక్కువ.

ప్రహరీ లోపలికి అడుగుపెట్టాక ఫోను జేబులో వేసుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు, ఎందుకంటే బాణం గుర్తు అక్కడ క్షణానికో దిక్కు చూపుతుంది. శబ్దప్రమాణం పని అయిపోయి ప్రత్యక్షం పని మొదలయ్యేది అక్కడే. ఆ పని ఎన్ని విధాలుగా చెడగలదో ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో ఏడవదానిలో లెక్కపెట్టి చెప్పాడు. వస్తువు ఉండి కూడా కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు: మరీ దూరంగా ఉండడం, మరీ దగ్గరగా ఉండడం, ఇంద్రియం దెబ్బతినడం, మనసు నిలకడగా లేకపోవడం, వస్తువు సూక్ష్మం కావడం, నడుమ అడ్డం ఉండడం, మరొకదాని ప్రభావంలో అణగిపోవడం, తనలాంటివాటిలో కలిసిపోవడం. ప్రకృతి అనే మూలతత్త్వం కంటికి ఆనదు కాబట్టి లేదనేవారికి జవాబుగా ఆయన ఈ జాబితా ఇచ్చాడు. లేకపోవడం వల్ల కాదు, సూక్ష్మత్వం వల్లనే అది కనబడడం లేదన్నది తర్వాతి కారికలోని నిర్ణయం. అయితే ఈ ఎనిమిదింటినీ ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే, జియోక్యాషింగ్‌లో కొత్తవారికి ఇంతకన్నా పనికొచ్చే సూచనల పట్టిక మరొకటి దొరకదు.

దూరం సంగతి సులభం, ఫోను చూపిన చోట మొండిగా వెతుకుతూ ఉంటే పెట్టె పదిహేను అడుగుల అవతల ఉంటుంది. దగ్గరతనమే విచిత్రం. వ్యాఖ్యాతలు దీనికి కంటి కాటుకను ఉదాహరణగా ఇస్తారు, తన కంటి కాటుక తన కంటికి కనబడదు. పాదచారుల వంతెన మీద ఇనుప కమ్మీని ఎడమచేత్తో పట్టుకుని, ఒంగి కిందంతా వెతికి, అలసి నిలబడిన మనిషి ఎడమచేతి వేళ్ల కిందనే, కమ్మీ అడుగున, చిటికెన వేలి కొస అంత అయస్కాంతపు డబ్బీ అంటుకుని ఉంటుంది. ఈ పరిమాణాన్ని నానో అంటారు. దానిలోని సంతకాల పుస్తకం పుస్తకం కాదు, బియ్యపుగింజ వెడల్పున్న కాగితపు చుట్ట, చుట్టడానికి గోళ్లు కావాలి. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన నలభై దాటినవారికి ఇంద్రియఘాతం, సౌక్ష్మ్యం రెండూ ఒకేసారి అనుభవానికి వస్తాయి.

అన్నిటిలోకీ దాచేవారు ఎక్కువగా ఆశ్రయించేది ఎనిమిదవదాన్ని. సమానాభిహారమంటే సాటివాటిలో కలిసిపోవడం. గౌడపాదుడు దీనికి పెసల రాశిలో వేసిన పెసరగింజను ఉదాహరణగా చూపాడు. గింజకు అడ్డం ఏమీ లేదు, వెలుతురు ఉంది, కన్ను దానిమీదే ఉంది, అయినా అదే ఆ గింజ అని తెలియదు. పార్కు గేటుకు ఆరు బోల్టులు ఉంటే వాటిలో ఒకటి గేటును పట్టి ఉంచదు, తిప్పితే ఊడి లోపల కాగితం కనిపిస్తుంది; రాళ్ల గుట్టలో ఒక రాయి ప్లాస్టిక్‌ది. ఇక్కడ కనబడకపోవడం అన్న మాటనే సవరించుకోవలసి వస్తుంది, ఎందుకంటే బోల్టు మొదటినుంచీ కనబడుతూనే ఉంది, పెట్టెగా కనబడలేదు. ఒక వస్తువును చూడడం, దాన్ని అదిగా గుర్తుపట్టడం వేర్వేరని కాశ్మీర శైవులు పట్టుబట్టిన ప్రత్యభిజ్ఞ విషయం ఇదే. ఏరు దాటిన పదిమందిలో ప్రతివాడూ తనను మినహాయించి తొమ్మిదిమందినే లెక్కపెట్టి, పదోవాడు మునిగిపోయాడని ఏడ్చిన వేదాంతుల కథ కూడా దీని సమీపంలోదే. వెతికేవారు తరచు పెట్టె దాచిన బండమీదనే కూర్చుని నీళ్లు తాగుతుంటారు.

పొరపాటు రెండో వైపునుంచి కూడా జరుగుతుంది. ఆటతో సంబంధం లేని దారినపోయేవారిని జియోక్యాషర్లు హారీ పాటర్ నవలల్లోని మాట తీసుకుని మగుల్స్ అంటారు, వారి కంట పడకుండా వెతకడం ఆటలో సగం నేర్పు. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో, దారిపక్కన ఎవరో ఏదో దాస్తున్నట్టు చూసినవారు భయపడి పోలీసులకు చెప్పగా, బాంబు నిపుణులు వచ్చి వీధులు ఖాళీ చేయించి, ఒక నిరపాయకరమైన ప్లాస్టిక్ డబ్బాను పేల్చివేశారు. లేనిదాన్ని ఉన్నదిగా చూడడమన్నది తాడూ పామూ కథంత పాతది. తెలుగు నేలమీద ఇదే ప్రమాదం మరో రూపంలో వస్తుంది: పాత గుడి వెనక రాళ్లు కదిలిస్తూ, ఫోన్‌లో ఏవో అంకెలు చూసుకుంటూ, ఎవరైనా వస్తే లేచి నిలబడే మనిషిని ఊరివాళ్లు లంకెబిందెల కోసం వచ్చినవాడని అనుకుంటారు, వారి అనుమానానికి ఆధారం లేకపోలేదు, గుప్తనిధుల తవ్వకాల వార్తలు పత్రికల్లో తరచు వస్తూనే ఉంటాయి. రక్షిత కట్టడాలు, గుడులు, రైలుపట్టాలు, సైనిక స్థలాల జోలికి పోకూడదన్న నియమాన్ని మనవాళ్లు రెండింతలు పాటించాలి. ఉల్మర్ తన బకెట్టును సగం పాతిపెట్టినా, ఇప్పటి నియమాలు పెట్టె కోసం నేల తవ్వడాన్ని ఒప్పుకోకపోవడం ఈ విషయంలో అదృష్టమే. బంగారు నిధి పాతి ఉన్న పొలంలో ఆ సంగతి తెలియనివారు రోజూ దానిమీదుగానే తిరుగుతూ దాన్ని పొందలేరని ఛాందోగ్యం ఎనిమిదవ అధ్యాయం బ్రహ్మలోకానికి పోలిక చెప్పింది. పొలం సంగతి తెలియని ఆ మనుషులకు అక్షేత్రజ్ఞులు అన్న మాట వాడింది. మగుల్స్ అన్న మాటకు ఎవరైనా తెలుగు వెతికితే ఇదొకటి సిద్ధంగా ఉంది.

ఎనిమిది కారణాలూ పరీక్షించి, గంటసేపు వెతికి, ఇక పెట్టె ఇక్కడ లేదని లేచినవారి జ్ఞానం ఏ జాతిదన్నది ఇప్పుడు అడగవచ్చు. కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులు దీనికోసం అనుపలబ్ధి అనే ఆరవ ప్రమాణాన్ని ఒప్పుకున్నారు, అద్వైతులూ వారి వెంటే నడిచారు; అనుపలబ్ధి అంటే వస్తువు తెలియరాకపోవడం, అదే ఆ వస్తువు లేదన్న జ్ఞానానికి సాధనమని వారి వాదం. కన్ను ఖాళీ నేలను చూసినప్పుడే ఆ నేలకు విశేషణంగా అభావం కూడా తెలుస్తుందని, వేరే ప్రమాణం అక్కర్లేదని నైయాయికులు ఖండించారు. కుమారిలుడు ఎత్తి చూపిన ఒక అనుభవం మాత్రం వారికి కొంత ఇబ్బంది కలిగించేదే. ఒకచోటికి వెళ్లి తిరిగి వచ్చిన మనిషిని అక్కడ ఫలానా వస్తువు ఉందా అని అడిగితే, అక్కడున్నప్పుడు ఆ వస్తువు ఊసే తలచని వాడు అప్పుడే, ఇంట్లో కూర్చునే, లేదు అని తెలుసుకుంటాడు. కన్ను ఆ చోటికి ఆనడం లేదు, లేమి మాత్రం తెలిసింది. వెతికి ఓడి ఇంటికొచ్చిన జియోక్యాషర్‌ను చెట్టు తొర్రలో చూశావా అని పెట్టె యజమాని అడిగినప్పుడు, తొర్ర ఖాళీగా ఉందన్న జ్ఞానం ఇలాగే పుడుతుంది, కొన్నిసార్లు తొర్రే చూడలేదన్న జ్ఞానం పుడుతుంది.

భాట్టులు తమ ప్రమాణానికి ఒక కట్టడి పెట్టారు, వాదమంతటిలో విలువైనది అదే. ఊరికే తెలియరాకపోవడం చాలదు, యోగ్యమైన అనుపలబ్ధి కావాలి. అంటే ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక తెలియవలసిన పరిస్థితులన్నీ ఉండి, అయినా తెలియకపోతేనే లేదనడానికి హక్కు వస్తుంది. పగటి వెలుతురులో గదిలో కుండ కనబడకపోతే లేదనవచ్చు, చీకట్లో కనబడకపోతే అనకూడదు. జియోక్యాషింగ్ దినచర్యలోకి ఈ నియమం తెలియకుండానే ప్రవేశించింది. దొరకలేదు అని నమోదు చేయడాన్ని అక్కడ డీఎన్ఎఫ్ అంటారు. కష్టం 5 ఉన్న పెట్టెకు పది డీఎన్ఎఫ్‌లు పడినా ఎవరూ కంగారుపడరు, కష్టం 1 ఉన్నదానికి వరసగా మూడు పడితే పెట్టె పోయిందేమోనని యజమాని బయలుదేరాలి. ఈమధ్య దొరికిన పెట్టెనే కొత్తవారు ఎంచుకోవాలన్నదీ ఇందుకే, వస్తువు ఉందన్న నమ్మకం గట్టిగా ఉంటే తప్ప వెతకడంలో తన లోపం తనకు తెలియదు.

ఓటమిని నమోదు చేయడానికి సిగ్గుపడేవారు చాలామంది, అందులో లాభనష్టాలేమీ లేకపోయినా. దానికన్నా ఒక అడుగు ముందుకు వేసేవారు ఉన్నారు: వెతికి దొరకనప్పుడు, పెట్టె పోయి ఉంటుందని తామే నిశ్చయించి, జేబులోని ఫిల్మ్ డబ్బా ఒకటి అక్కడ పడేసి, దానిలో సంతకం చేసి, దొరికిందని రాసుకుంటారు. దీన్ని త్రో డౌన్ అంటారు, తెలిసినవారు ఈసడిస్తారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం, అభావాన్ని ఏడవ పదార్థంగా ఒప్పుకుని నాలుగు రకాలుగా విభజించింది. ఆ విభాగం త్రో డౌన్‌లోని తప్పును విడమరచి చూపుతుంది. వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు, ముగింపు ఉంది. వస్తువు నశించాక వచ్చే లేమి ప్రధ్వంసం, దానికి మొదలుంది, ముగింపు లేదు. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాదు అన్న భేదం అన్యోన్యాభావం. వస్తువును తాత్కాలికంగా మరోచోటికి తీసుకుపోతే కలిగే లేమిని సామయికాభావమని కొందరు విడిగా లెక్కించారు. గంట వెతికిన మనిషికి తెలిసింది దొరకలేదు అన్న సంగతి ఒక్కటే. అతడు దాన్ని ప్రధ్వంసమని తీర్పు చెప్పాడు, ఎవరో తీసి మళ్లీ పెట్టేది కావచ్చునని ఆలోచించలేదు, ఆపైన తన డబ్బా ఆ పెట్టె కాదన్న అన్యోన్యాభావాన్ని దాచిపెట్టాడు. అసలు పెట్టె తరచు అక్కడే, నాలుగు అడుగుల అవతల ఉంటుంది. ఆ తర్వాత వచ్చినవారందరూ నకిలీలో సంతకాలు చేసి సంతోషంగా వెళతారు.

ఉల్మర్ బకెట్టుకు మాత్రం నిజమైన ప్రధ్వంసమే జరిగింది, గడ్డి కోసే యంత్రం దానిమీదుగా పోయింది. చిక్కుడుగింజల డబ్బా ఒక్కటే బయటపడింది, ఇప్పుడది చేతులు మారుతూ ప్రయాణించే వస్తువుల్లో ఒకటిగా నమోదై ఉంది. ఆ చోట గుర్తుగా తర్వాత ఒక ఫలకం నిలిపారు, దాన్ని చూడడానికి దూరదేశాల నుంచి యాత్రగా వస్తారు. లేనిదాన్ని చూడడానికి ఉన్నచోటికి వెళ్లడమన్నది తీర్థయాత్రలు తెలిసిన సమాజానికి వింతగా తోచదు.

యోగ్యత అన్న ఈ షరతునే ఈశ్వరుడి విషయంలో ప్రయోగించినవాడు మిథిలకు చెందిన తార్కికుడు ఉదయనాచార్యుడు. 10వ శతాబ్ది చివరి కాలంలో జీవించిన ఈయన న్యాయకుసుమాంజలి మూడవ స్తబకంలో, కనబడడు కనుక ఈశ్వరుడు లేడు అన్న వాదాన్ని ఎదుర్కొంటూ, చూడదగిన వస్తువు కనబడకపోతేనే అది లేదని తేలుతుంది తప్ప, చూపుకు విషయమే కానిదాని సంగతి చూపు తేల్చలేదని నిరూపించాడు. కనబడనిదంతా లేదనేటట్టయితే, ఇల్లు విడిచి వీధిలోకి వచ్చిన చార్వాకుడికి ఇంట్లోని భార్యాబిడ్డలు కనబడరు కాబట్టి, వారు లేరని గుండెలు బాదుకుని ఏడవాలి, తిరిగి ఇంటికి వెళ్లనే కూడదు అని ఆయన ఎగతాళి చేశాడు. తర్కంగా ఈ జవాబు గట్టిదే. అయితే ఇది లేదన్నవాడి నోరు కట్టేస్తుంది గాని, ఉన్నాడన్నవాడికి ఒక్క అడుగు కూడా సంపాదించిపెట్టదు. ఉదయనుడికి ఈ సంగతి తెలుసు, అందుకే ఈశ్వరుడు ఉన్నాడనడానికి వేరే హేతువులు వేరే స్తబకంలో చెప్పుకున్నాడు. తర్వాతి కాలపు భక్తులు చాలామంది ఈ రెండు పనుల తేడా మరిచి, లేడని రుజువు చేయలేవు కదా అన్నదాన్నే ఉన్నాడనడానికి రుజువుగా వాడుతూ వచ్చారు. ఏ పరిస్థితిలో వెతికితే దొరుకుతుందో ఎవరూ చెప్పలేని పెట్టెను పటం మీద ఉంచడానికి జియోక్యాషింగ్ నియమాలు ఒప్పుకోవు. ఉందన్నవారే అప్పుడప్పుడు వెళ్లి చూసి రావాలి, రాకపోతే దాన్ని జాబితాలోంచి తీసేస్తారు. పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఈశ్వరుడి విషయంలో ఆ బాధ్యత గల యజమాని ఎవరన్నది మతాలు ఒక్కోటి ఒక్కో తీరున చెప్పాయి, వెళ్లి చూసి వచ్చామన్న ఋషుల మాటను ఆప్తవాక్యంగా తీసుకోవడమా కాదా అన్నచోట వాదం మళ్లీ గాంధార దేశస్థుడి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఉదయనుడి గురించి పండితుల నోట వినబడే ఐతిహ్యం ఒకటుంది. పూరీ జగన్నాథుణ్ని చూడాలని అంత దూరం నడిచి వెళ్లేసరికి గుడి తలుపులు మూసి ఉన్నాయట. నడుమ అడ్డం ఉండడం, సాంఖ్యుల లెక్కలో ఆరవది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని గ్రంథమంతా రాసిన ఆ మనిషి, లోపల ఉన్నాడు కదా అని సరిపెట్టుకుని వెనుదిరగలేదు. ఐశ్వర్యమదంతో తనను లెక్కచేయడం లేదని, బౌద్ధులు మీదికి వచ్చిన నాడు స్వామి ఉనికి నిలబడేది తన వల్లనేనని, మూసిన ఆ తలుపుల ఎదుట నిలబడి దేవుడితోనే గట్టిగా పోట్లాట పెట్టుకున్నాడట.